తప్పు విజిల్ తర్వాత

బిడ్డా,

మొన్న ఆదివారం నారాయణగూడ వైఎంసీఏలో నువ్వు రెఫరీగా చేసిన బాస్కెట్‌బాల్ మ్యాచ్ మొత్తం చూశాను. మూడో క్వార్టర్‌లో చార్జ్‌ని, అంటే బంతితో వచ్చే పిల్ల డిఫెండర్‌ని గుద్దడాన్ని, బ్లాకింగ్‌గా, అంటే డిఫెండర్ అడ్డొచ్చిన తప్పుగా ఇచ్చానని రాత్రి ఫోన్‌లో ఏడ్చావు. నన్ను బాధపెట్టింది అది కాదు. రెండు నిమిషాలకే అవతలి బాస్కెట్ కింద, చెయ్యి తగిలీ తగలని చోట ఫౌల్ ఇచ్చావే, అదీ. లెక్క సరిచేద్దామనుకున్నావు. మొదటిది కంటికి అందక జరిగింది, రెండోది తెలిసి చేశావు. ఆ ఫౌల్ ఎవరి మీద పడిందో ఆ పిల్లకి అది నాలుగోది, ఐదోది పడితే ఆట నుంచి బయటికే. మిగతా ఆటంతా చేతులు వెనక్కి పెట్టుకుని ఆడింది, చూశావా?

కొన్ని తప్పులు దిద్దుకోవచ్చు. ఇవ్వాల్సిన ఫ్రీ త్రోలు ఇవ్వకపోవడం, ఇవ్వకూడనివి ఇవ్వడం, ఒకరి బదులు ఇంకొకరితో వేయించడం, పాయింట్లు తప్పుగా కలపడం, తీసేయడం. వీటికి నిబంధనల్లో దారి ఉంది, గడువు మాత్రం చిన్నది. తప్పు జరిగాక గడియారం నడిచి, బంతి మొదటిసారి డెడ్ అయి, అంటే ఆట ఆగి, మళ్ళీ లైవ్ అయ్యేలోపే, అంటే బంతి తిరిగి ఆటలోకి వచ్చేలోపే పట్టుకోవాలి.

ఆ గడువు చేజేతులా పోగొట్టుకున్నవాణ్ణి నేను. అప్పటికి పదేళ్ల అనుభవం. ఒక జట్టుది ఆ క్వార్టర్‌లో ఐదో ఫౌల్, అంటే ఎదుటివాళ్లకి రెండు ఫ్రీ త్రోలు. నేను నాలుగోదనుకుని సైడ్‌లైన్ నుంచి బంతి ఇచ్చేశాను. కాసేపటికి బంతి బయటికి పోయింది. టేబుల్ దగ్గర స్కోరర్ బజర్ కొట్టాడు, కుర్రాడు. వీడు నాకు చెప్పేదేంటని "తర్వాత" అని చెయ్యి ఊపి, త్రో ఇన్‌కి బంతి అందించాను. అంతే, లైవ్ అయిపోయింది. హాఫ్ టైమ్‌లో స్కోర్ షీట్ చూస్తే అది ఐదో ఫౌలే. ఫ్రీ త్రోలు దక్కని జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. వాళ్ల కోచ్ నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేదనిపిస్తుంది ఇప్పటికీ.

అందుకే టేబుల్ నుంచి బజర్ వస్తే, ఎంత చిన్నవాడు కొట్టినా, ఆగి విను. నీ తోటి రెఫరీకి నీకంటే బాగా కనబడి ఉంటే, బంతి చేతికిచ్చే ముందే దగ్గరికెళ్లి అడుగు.

బ్లాకింగా, చార్జా అన్నది ఆట సాగిపోయాక మారదు. కోచ్ మర్యాదగా అడిగితే "నాకు సరిగ్గా కనబడలేదు కోచ్" అని ఒక్క మాట చెప్పి కదులు. పదిసార్లు సారీ చెప్పకు. అమెరికాలో ఎన్‌బీఏ అనే పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ వాళ్లు 2015 నుంచి, హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల నిర్ణయాల్లో ఏవి తప్పో వాళ్లే అందరికీ ప్రకటిస్తున్నారు. స్కోరు మాత్రం మారదు. ఆ రెఫరీలు మళ్ళీ కోర్టులోకి వస్తూనే ఉన్నారు.

షీట్ మీద సంతకం పెట్టేముందు తీరిగ్గా సరిచూసుకో. ఎవరో తీసిన వీడియో ఆ రాత్రే చూడకు, మెట్రోలో అసలే వద్దు. మర్నాడు చూసి, విజిల్ ఊదినప్పుడు ఎక్కడ నిలబడ్డావో నోట్‌బుక్‌లో రాసుకో. ఆదివారం నువ్వు డ్రిబుల్ చేస్తున్న పిల్ల వీపు వెనకే ఉన్నావు. ఇద్దరి మధ్య సందు నీకు కనబడే వీలే లేదు. రెండడుగులు పక్కకి జరిగి ఉంటే కనబడేది.

వచ్చే ఆదివారం అరగంట ముందు రా. బేస్‌లైన్ దగ్గర నేను డిఫెండర్‌గా నిలబడతాను, ఆ రెండడుగులు వేసి చూపిద్దువు.

మీ మామయ్య