‘ప్రొలిఫరేషన్’ను తెలుగు చేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. విషయం గట్టిగా పట్టుకున్నావు. రెండుచోట్ల మాత్రం ఆగిపోయాను, రెండూ ‘ప్రొలిఫరేషన్’ అనే ఇంగ్లీషు మాట దగ్గరే. క్యాన్సర్ కణాల ప్రొలిఫరేషన్‌ని ‘కణాల పెరుగుదల’ అని రాశావు. అలా రాస్తే కణం లావెక్కుతోందని పాఠకుడు అనుకుంటాడు. వ్యాయామం చేసేవాళ్ల కండలు ఎక్కువగా పెరిగేది అలాగే, ఉన్న పోగులే లావెక్కి. ప్రొలిఫరేషన్ వేరు. ఒక కణం రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి. గాయం మానేటప్పుడు చర్మంలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే పుండు పూడాక ఆగుతుంది. క్యాన్సర్‌లో ఆ ఆగడమే ఉండదు.

ఈ అర్థం ఆ మాట పుట్టుకలోనే ఉంది. లాటిన్‌లో ‘ప్రోలెస్’ అంటే సంతానం, ‘ఫెర్రె’ అంటే మోయడం. ఫ్రెంచి మీదుగా 19వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది, అదీ జీవశాస్త్రం మాటగా. శ్రామికవర్గం అనే అర్థంలో వాడే ‘ప్రొలిటేరియట్’ కూడా ఆ ‘ప్రోలెస్’ బిడ్డే. పాత రోమ్‌లో ఆస్తి లేని పౌరుల్ని ‘ప్రోలెటారీ’ అనేవారు, రాజ్యానికి వాళ్లు ఇవ్వగలిగింది పిల్లల్ని మాత్రమేనని. ఆ మాట ఎక్కడ కనబడినా నాకు మనసు చివుక్కుమంటుంది.

మనకి ‘తామరతంపర’ ఉంది, చక్కటి మాట. కానీ అది పెళ్లిపీటల మీద దీవెన. రోగానికి వాడితే చదివేవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది. నేనైతే ‘కణాలు అదుపు లేకుండా రెట్టింపవుతూ పోవడం’ అని రాస్తాను. కాస్త పొడుగైనా ఫర్వాలేదు.

అణ్వాయుధాల ప్రొలిఫరేషన్ దగ్గర ఇంకో చిక్కు. 1968లో సంతకాలకు పెట్టి, 1970లో అమల్లోకి తెచ్చిన ఒప్పందాన్ని మన పత్రికలు ‘అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం’ అంటాయి. ‘వ్యాప్తి’ అంటే ఆయుధాలు కొత్త దేశాలకు పాకడం. ఆయుధాలున్న దేశమే తన ఆయుధాల గుట్టలు పెంచుకోవడం కూడా ప్రొలిఫరేషనే, అది ఈ మాటలో కనబడదు. 1967 జనవరి 1కి ముందు అణుబాంబు పేల్చిన ఐదు దేశాలకే ఒప్పందం అణ్వస్త్ర దేశాల హోదా ఇచ్చింది. కొత్తవాళ్లకు అడ్డు వేసి ఆ ఐదింటి గుట్టల్ని వదిలేశారని, ఇది వివక్ష అని భారత్ సంతకం పెట్టలేదు. ఆ వాదన పాఠకుడికి అందాలంటే రెండు రకాలూ విడివిడిగా చెప్పాలి. పేరు మాత్రం అలాగే ఉంచు, అలవాటైపోయింది.

క్యాన్సర్ పేరా తిరగరాసి, అణ్వాయుధాల దగ్గర ఆ రెండు రకాలూ విడదీసి పంపమ్మా. మిగతాది ముట్టుకోకు, బాగుంది.