ఇస్మెత్ పాషా కథ రాయబోతున్న నా మేనకోడలికి

అమ్మలూ,

ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, టర్కీ వెళ్లి, ఆ దేశపు రెండో అధ్యక్షుడు ఇస్మెత్ ఇనొనూ జీవితచరిత్ర తెలుగులో రాస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తనకి డబ్బుల టెన్షన్. నాకు మాత్రం ఆ రాత్రి సంతోషంతో, భయంతో నిద్ర పట్టలేదు. నా వేలు పట్టుకుని గ్రంథాలయానికి వచ్చిన పిల్లవి కదా నువ్వు!

టర్కిష్ ఇప్పుడే మొదలుపెట్టు. 1928లో వాళ్లు లిపి మార్చేశారు, అంతకుముందు కాగితాలన్నీ అరబీ లిపిలో ఉంటాయి. ఉర్దూ వచ్చినవాళ్లు అక్షరాలు కూడబలుక్కుంటారు కానీ అర్థం చెప్పలేరు, అక్కడే ఎవరినైనా చూసుకో. తేదీలు జాగ్రత్త. వాళ్ల పాత క్యాలెండర్ వేరు, ‘మార్చి 31 తిరుగుబాటు’ అంటే మన లెక్కలో 1909 ఏప్రిల్ 13. అంకారాలో చలి ఎక్కువ, మంచి స్వెటర్లు పెట్టుకో.

ఇక నా తప్పు చెబుతాను, విను. కొత్తగా లెక్చరర్‌గా చేరినప్పుడు ఓ పత్రికకి ఆయన మీద వ్యాసం రాశాను. 1921లో గ్రీకు సైన్యాన్ని రెండుసార్లు ఆపిన చోటు పేరు ఇనొనూ, సేనాని పేరూ ఇనొనూ. ఇంకేముంది, గెలిచినాయన పేరే ఊరికి పెట్టారని రాసేశాను. పుస్తకం తీసి చూడలేదు, ఎవర్నీ అడగలేదు. అచ్చయిన పది రోజులకి ఓ పోస్టుకార్డు వచ్చింది. నీలం సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు, కింద సంతకం లేదు. ‘‘అయ్యా, ఊరి పేరు ముందునుంచీ ఉన్నదే. 1934లో ఇంటిపేర్ల చట్టం వచ్చాక, ఆ యుద్ధాల గుర్తుగా అప్పటి అధ్యక్షుడు అతాతుర్క్ ఈయనకి ఆ పేరిచ్చాడు. 1921లో ఈయన ఇస్మెత్ మాత్రమే.’’ అప్పటికే అదే ముక్క క్లాసులో కూడా చెప్పేశాను. మర్నాడు వెళ్లి తప్పు ఒప్పుకుని దిద్దాను. ముగ్గురు పిల్లలు ఆ రోజు రాలేదు. తర్వాత వాళ్లకి విడిగా చెప్పాలనుకుంటూనే పరీక్షలొచ్చేశాయి. ఆ ముగ్గురూ ఇప్పటికీ నేను చెప్పిందే నమ్ముతున్నారేమోనని ఈ వయసులో కూడా అనిపిస్తుంది.

పేరు దగ్గర చేసిన తప్పే మనిషి దగ్గరా చేశాను. 1950 మే ఎన్నికల్లో ఓడి, అధికారం అప్పగించి దిగిపోయాడన్న ముచ్చటలో మిగతా బతుకంతా అలాగే చూశాను. 1942లో, ఆయన అధ్యక్షుడిగా ఉండగానే, సంపద పన్ను వేశారు. అర్మేనియన్, యూదు, గ్రీకు వ్యాపారుల మీద అది ఎన్నో రెట్లు ఎక్కువగా పడింది. కట్టలేనివాళ్లని తూర్పు టర్కీలోని అష్కలే చలిలో రాళ్లు కొట్టడానికి పంపారు. 1946 ఎన్నికల్లో ఓటు అందరి ముందూ, లెక్కింపు చాటుగా. ఇవేవీ నా వ్యాసంలో లేవు. నువ్వు రాయాలి తల్లీ. లోజాన్ శాంతి చర్చల్లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి కర్జన్ గద్దిస్తుంటే చెవుడు అడ్డం పెట్టుకుని వినబడనట్టు కూర్చున్నాడన్న కథ నీకు నచ్చుతుందని నాకు తెలుసు. నాకూ ఇష్టమే. దానికి నాలుగు పేజీలిచ్చి అష్కలేకి నాలుగు వాక్యాలిచ్చావో, నేను ఊరుకోను.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావట. 1924 మార్చి 3న ఖలీఫా పదవి రద్దయినప్పుడు ప్రధాని ఈయనే. దేశం వదిలిన ఆ ఖలీఫా కూతురే నిజాం ఇంటి కోడలైన దుర్రు షెహ్‌వార్. పురానీ హవేలీలో ఆవిడ పేరున్న ఆసుపత్రి ఉంది కదా, అక్కణ్ణుంచి మొదలుపెడితే మనవాళ్లు నీ వెంట వస్తారు.

ఆ కార్డు ఈ కవర్లోనే పెట్టాను. సిరా వెలిసింది గానీ చదవడానికి వస్తుంది. మడత పెట్టకు, నీ దగ్గరే ఉంచుకో. అక్కడ దిగగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

నీ మామయ్య