పీడీయూలు ఎక్కించలేదని ఇన్‌స్టిట్యూట్ మీద 25 లక్షలకి కేసు వెయ్యొచ్చా?

సందేహం: సార్, నేను కొండాపూర్‌లో ఉంటా, ఐటీ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌ని. 2022 మే 18న పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకి పీఎంఐ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్) పాసయ్యా. రెన్యువల్‌కి మూడేళ్లలో 60 పీడీయూలు (నేర్చుకున్న గంటలకి వచ్చే పాయింట్లు) చూపించాలి. 2023 అక్టోబర్‌లో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కి 22,000 ఫోన్‌పే చేశా, 60 గంటల ఆన్‌లైన్ క్లాసులు, పీడీయూలు కూడా మేమే ఎక్కిస్తాం అన్నారు. రెండేసి గంటల క్లాసులు 9 జరిగాయి, ఆఖరిది 2024 ఫిబ్రవరి 11న, తర్వాత ఆపేశారు. నేనూ రిలీజుల గొడవలో పడి, క్లాసులు లేకపోయినా పర్లేదు పీడీయూలు మాత్రం ఎక్కించెయ్యండి అని వాట్సాప్ పెట్టి లాగిన్, పాస్‌వర్డ్ ఇచ్చా. వాళ్లు ఏదీ చెయ్యలేదు. 2025 మేలో సర్టిఫికెట్ సస్పెండ్ అయింది. కంపెనీ హెచ్ఆర్ వాళ్లు సర్టిఫికెట్‌కి ఇచ్చే అలవెన్స్ ఆపి, ఇచ్చింది వెనక్కి కట్టమంటున్నారు. ప్రమోషన్ పోయింది, ఇంట్లో పరువు పోయింది, రాత్రిళ్లు నిద్ర లేదు. 25 లక్షలకి కేసు వెయ్యొచ్చా? ఒకతను 3,500కి పాత తేదీలతో పీడీయూ సర్టిఫికెట్లు ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు: మీ నిద్ర సంగతి పక్కన పెడదాం. ఇంత పెద్ద ఉత్తరంలో కేసుని తేల్చేది ఒక్కటే, అది మీరు పెట్టిన వాట్సాప్ మెసేజ్. "క్లాసులు లేకపోయినా పర్లేదు, పీడీయూలు ఎక్కించెయ్యండి" అంటే ఏంటండీ? నేను కూర్చోని గంటలని కూర్చున్నట్టు చూపించండి అనేగా. గంట చదువుకి ఒక పీడీయూ, అదే లెక్క. పీడీయూలు ఎక్కించలేదు అని మీరు కన్స్యూమర్ కమిషన్ ముందుకెళ్తే అవతలి లాయరు ఆ మెసేజ్ ప్రింట్ తీసి పెట్టి, అబద్ధపు ఎంట్రీలు వెయ్యనందుకా మా మీద కేసు అని అడుగుతాడు. మోసపూరితమైన పని కోసం చేసుకున్న ఒప్పందం కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 23 ప్రకారం చెల్లదు.

కాబట్టి కేసు ఆ దారిలో వద్దు. డబ్బు తీసుకున్నది 60 గంటల క్లాసులకి, చెప్పింది 18 గంటలు, మిగతా 42 గంటల క్లాసులు జరగలేదు, ఆ డబ్బు వెనక్కివ్వండి, ఇదీ మీ కేసు. ఇందులో మీ తప్పేం లేదు, ఎందుకంటే క్లాసులు ఆగింది ముందు, మీరా తెలివితక్కువ మెసేజ్ పెట్టింది తర్వాత. ఈ వరస చాట్‌లో తేదీలతో సహా కనిపించాలి కాబట్టి ఆ మెసేజ్ ఇబ్బందిగా ఉందని డిలీట్ చెయ్యడం, కత్తిరించిన స్క్రీన్‌షాట్లు పెట్టడం అస్సలు చెయ్యకండి, అవతలివాళ్ల ఫోన్లో మొత్తం చాట్ ఉంటుంది, దాచారని తేలితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు. కేసు అయ్యేదాకా ఆ ఫోన్ మార్చకండి, చాట్ ప్రింట్లతో పాటు సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఫోన్లోంచి తీసిన ప్రింట్లు అసలువేనని ఇచ్చే ధ్రువీకరణ) జత చెయ్యాలి. ఫోన్‌పే హిస్టరీ సరిపోదు, బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసుకోండి.

ఇక టైమ్. కన్స్యూమర్ ఫిర్యాదుకి గడువు రెండేళ్లు, 2019 చట్టం సెక్షన్ 69. మీరు సర్టిఫికెట్ సస్పెండైన 2025 మే నుంచి లెక్కేసుకుని నింపాదిగా కూర్చున్నట్టున్నారు, వాళ్లు మాత్రం ఆఖరి క్లాసు నుంచే లెక్కేస్తారు, అంటే 2026 ఫిబ్రవరి 11 దాటితే గడువైపోయింది అంటారు. ఇప్పటికే జనవరి సగం అయిపోయింది. మధ్యలో వాళ్లు "చూద్దాం సార్" అని పెట్టిన మెసేజ్‌లతో గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది గానీ రిలీజుల్లో బిజీ అంటే ఎవరూ మన్నించరు. నోటీసు ఇవ్వాలనుంటే ఈ వారమే వారం రోజుల గడువుతో ఇచ్చెయ్యండి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఫిర్యాదు ఈ-జాగృతి పోర్టల్లో వెయ్యొచ్చు, అమీర్‌పేట కాబట్టి నాంపల్లిలో ఉన్న హైదరాబాద్ జిల్లా కమిషన్ సరిపోతుంది. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా లేదు. చదువు సర్వీస్ కిందికి రాదని వాదిస్తారు, మను సోలంకి కేసులో 2020లో నేషనల్ కమిషన్ కోచింగ్ సెంటర్లు కన్స్యూమర్ చట్టం కిందికే వస్తాయని చెప్పింది, అది చూపించండి.

25 లక్షలు మర్చిపోండి. ప్రమోషన్ దీనివల్లే పోయిందని రాసిన కాగితం ఏదైనా ఉందా? లేదు. జరగని క్లాసుల డబ్బు, దాని మీద వడ్డీ, ఖర్చులు, కొంత పరిహారం, అంతవరకే అడగండి.

ఆ 3,500 మనిషి నంబర్ ఇప్పుడే బ్లాక్ చెయ్యండి. పీఎంఐ వాళ్లు పీడీయూ క్లెయిముల్లో కొన్నిటిని ఆడిట్‌కి తీసి రుజువులు అడుగుతారు, దొరికితే పీఎంపీ శాశ్వతంగా పోవచ్చు. ఆ కాగితమే హెచ్ఆర్‌కి కూడా ఇచ్చారనుకోండి, అది దొంగ పత్రాన్ని అసలుదని వాడటం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 340. మోసం చెయ్యడానికి ఫోర్జరీ చేస్తే సెక్షన్ 336 కింద ఏడేళ్ల దాకా జైలు, వాడినవాడికీ అదే శిక్ష. ఇప్పుడు బాధితుడిగా ఉన్నవాళ్లు రేపు ముద్దాయి అవుతారు.

అసలు మీరు చూడని సంగతి ఇంకొకటుంది, మీ సర్టిఫికెట్ సస్పెండ్ అయిందే గానీ ఎక్స్‌పైర్ కాలేదు. సస్పెన్షన్ ఏడాది ఉంటుంది, 2026 మే 18 లోపు 60 నింపి ఫీజు కడితే మళ్లీ యాక్టివ్ అవుతుంది, దాటితే పరీక్ష మళ్లీ మొదట్నుంచి. మీరు నిజంగా కూర్చున్న 18 గంటలు మీవే, జూమ్ మెయిళ్లు, నోట్సు ఉంటే క్లెయిమ్ చెయ్యండి. చేస్తున్న ఉద్యోగానికి 8 దాకా ఇస్తారు. ఇంక 34 మిగిలాయి, నాలుగు నెలలుంది, శని ఆదివారాలు కూర్చున్నా అయిపోతుంది. పీడీయూల్లో వేస్ ఆఫ్ వర్కింగ్, పవర్ స్కిల్స్, బిజినెస్ అక్యుమెన్ అని మూడు విభాగాలుంటాయి, మూడింట్లోనూ కనీసం 8 చొప్పున ఉండాలి, అది చూసుకోండి. హైదరాబాద్‌లో పీఎంఐ వాళ్ల స్థానిక శాఖ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది, వాళ్ల సెషన్లకీ పీడీయూలొస్తాయి. ఇంకోటి, సస్పెన్షన్‌లో పోయిన ఏడాదిని వచ్చే మూడేళ్ల సైకిల్‌కి కలపరు, అది ఎప్పట్లాగే 2028 మే 18కే ముగుస్తుంది. ఈసారి మీ లాగిన్‌లో మీరే ఎక్కించండి, బాధ్యత సర్టిఫికెట్ ఉన్నవాళ్లదే. పాస్‌వర్డ్ ఎవడికో వాట్సాప్‌లో పంపేవాళ్లు ప్రాజెక్టులెలా నడుపుతున్నారో నాకర్థం కాలేదు, ముందు దాన్ని మార్చండి.

యాక్టివ్ అయ్యేదాకా మెయిల్ సిగ్నేచర్, లింక్డ్‌ఇన్, క్లయింట్‌కి వెళ్లే రెజ్యూమ్‌లలో పేరు పక్కన పీఎంపీ తీసెయ్యండి. హెచ్ఆర్‌కి ఫలానా తేదీ నుంచి సస్పెన్షన్‌లో ఉంది, మే లోపు పునరుద్ధరిస్తాను అని మెయిల్ పెట్టండి. అలవెన్స్ రికవరీ లెటర్ గానీ కంపెనీ పాలసీ గానీ మీరు పంపలేదు. సర్టిఫికెట్ యాక్టివ్‌గా ఉంటేనే అలవెన్స్ అని పాలసీలో ఉంటే 2025 మే తర్వాత తీసుకున్నది కట్టక తప్పదు, అంతకు ముందుది కూడా అడుగుతుంటే మాత్రం కట్టకుండా ఆ రెండు కాగితాలూ పంపండి, చూసి చెప్తాను.