విదేశీ విద్యార్థికి లష్కర్ బోనాలు చూపించేదెట్లా?

ప్రశ్న: ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్ కింద జర్మనీ నుంచి వచ్చిన అమ్మాయి ఆరు నెలలుగా మా ఇంట్లోనే ఉంటోంది. లష్కర్ (సికింద్రాబాద్) బోనాలు చూడాలని తన కోరిక. తనకు ఆ ఒక్క ఆదివారమే వీలవుతుంది. రోజంతా ఎట్లా తిప్పాలి? బోనం తనే ఎత్తుకుంటానంటోంది. ఎత్తనివ్వచ్చా?
– ఒక గృహిణి, తార్నాక

జవాబు: ఎత్తనివ్వండమ్మా. చేతిలో ఉన్నది ఒక్కరోజే అయినప్పుడు లష్కర్ బోనాలు జరిగే ఉజ్జయినీ మహంకాళి గుడి దర్శనానికే రోజంతా పెడితే, ఆ అమ్మాయికి గుర్తుండేది క్యూలైనే. పొద్దున లష్కర్, మధ్యాహ్నం మీ వంటిల్లు, సాయంత్రం మీ బస్తీ పోచమ్మ గుడి అనుకోండి. సికింద్రాబాద్ వైపు చాలా బస్తీల్లో ఆ ఆదివారమే బోనాలు తీస్తారు. మీ గుడి కమిటీ వాళ్లను అడిగి వేళ తెలుసుకోండి. విదేశీ అమ్మాయి బోనం ఎత్తుతుందని కూడా అప్పుడే చెవిన వేస్తే గుడి దగ్గర తడబాటు ఉండదు.

పొద్దున వీలైనంత తొందరగా మెట్రో ఎక్కండి. తార్నాక నుంచి నీలం లైన్‌లో రైలు మారకుండా పరేడ్ గ్రౌండ్ గానీ ప్యారడైజ్ గానీ చేరుకోవచ్చు. అక్కడి నుంచి జనరల్ బజార్ వైపు నడకే. ఆరోజు గుడి చుట్టుపక్కల వాహనాలను మళ్లిస్తారు కాబట్టి కారు తీసుకెళ్తే ఎక్కడో ఆపి అంతకన్నా ఎక్కువ నడవాల్సి వస్తుంది. బోనం ఎత్తుకొచ్చేవాళ్లకు వేరే లైను ఉంటుంది. ఉత్త దర్శనం లైను మాత్రం ప్రముఖులు వచ్చిన ప్రతిసారీ ఆగిపోతుంది. పది దాటితే రద్దీ ఊపిరాడనివ్వదు. లైను కదలకపోతే పట్టుబట్టకండి. వీధిలో డప్పులు, తొట్టెలు (రంగు కాగితాలతో అలంకరించిన ఊయలలు), వేపకొమ్మలతో వచ్చే ఆడవాళ్లను గంటసేపు చూసి తిరిగి వచ్చేయండి.

‘లష్కర్’ అంటే ఏమిటని దారిలో తప్పకుండా అడుగుతుంది. లష్కర్ అంటే సైన్యం. మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన సికింద్రాబాద్‌లో బ్రిటిష్ వాళ్ల దండు ఉండేది, అందుకే ఆ ఊరిని లష్కర్ అన్నారు. 1813లో జంటనగరాల్లో కలరా ప్రబలినప్పుడు ఆ సైన్యంలో పనిచేసే సురటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడట. వ్యాధి తగ్గితే మా ఊళ్లో నీకు గుడి కడతానని మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో కొయ్య విగ్రహాన్ని నిలిపాడని చెప్పుకుంటారు. ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్లండి. వేపాకు, పసుపు ఇంతగా ఎందుకు వాడతారో తనకు చూడగానే అందుతుంది.

ఇక బోనం సంగతి. బోనం అంటే భోజనమే, అమ్మవారికి మోసుకెళ్లే అన్నం. అందుకే వంటలో ఆ అమ్మాయి చెయ్యి పడాలి. వండిన కుండను చేతికిచ్చి ఫొటో తీస్తే అది వేషమే అవుతుంది. కుండ చిన్నదే తీసుకోండి, అన్నంతో కలిపి మూడు కిలోలు మించకుండా. మట్టిదైతే ముందురోజు రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. కొత్త కుండను పొడిగా ఉన్నప్పుడే పొయ్యి మీద పెట్టి మంట పెంచితే పగులుతుంది. గ్యాస్ మీద భయమనుకుంటే వేరే గిన్నెలో వండి కుండలోకి తీయండి. చాలా ఇళ్లలో ఇప్పుడు చేస్తున్నది ఇదే.

ఒక గ్లాసు బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. రెండు గ్లాసుల నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికాక, కాచిన పాలు రెండు గ్లాసులు పోసి సన్న సెగ మీద మెత్తగా ఉడకనివ్వండి. ముప్పావు గ్లాసు బెల్లం తురుమును కొద్ది నీళ్లలో విడిగా కరిగించి వడకట్టి, పొయ్యి కట్టేసి అన్నం కాస్త చల్లబడ్డాకనే కలపండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: మరిగే పాలలో బెల్లం వేస్తే, బెల్లానికున్న పులుపు గుణం వల్ల పాలు విరిగిపోతాయి. అన్నం గట్టిగానే ఉండాలి. పాయసంలా జారుగా ఉంటే నడుస్తున్నప్పుడు లోపల కదిలి కుండ తూకం తప్పుతుంది. కుండలోకి తీశాక అరగంటైనా ఆరనివ్వండి, వేడి కుండ నెత్తి మీద నిలవనివ్వదు.

కుండకు బయట పసుపు పూసి పూర్తిగా ఆరాకే సున్నం బొట్లు, కుంకుమ పెట్టించండి. తడి పసుపుకు సున్నం తగిలితే ఎర్రబారి గీతలు అలుక్కుపోతాయి. (అదెందుకో ఆ అమ్మాయికి ఇంట్లోనే చేసి చూపించండి, పారాణి రహస్యమూ తెలుస్తుంది.) మెడ చుట్టూ వేపకొమ్మలు దారంతో బిగించి కట్టండి. ఆకులు మూతి మీదికి లేస్తే దీపం అంటుకుంటుంది. మూతి మీద పళ్లెం పెట్టి, అందులో గుప్పెడు బియ్యం పోసి ప్రమిదను వాటిలోకి కాస్త అదిమి కూర్చోబెడితే జారదు. నూనె ప్రమిదలో సగానికే పోయండి. నిండా పోస్తే నాలుగడుగుల్లో జుట్టు మీదికి కారుతుంది.

పాత నూలు చీర ముక్కను గుండ్రంగా చుట్టి చుట్టబట్ట చేసి నెత్తిన పెట్టండి. కుండ నిలకడంతా దాని మీదే. ముందురోజు సగం నీళ్లున్న బిందెతో ఇంట్లోనే పది నిమిషాలు నడిపించండి. తొలిసారి ఎత్తేవాళ్లు కాళ్లకేసి చూస్తారు, మెడ వంగుతుంది, కుండ జారుతుంది. చూపు పది అడుగుల ముందుండాలి. ఒక చెయ్యి కుండకు ఆనించి, రెండోది ఖాళీగా ఉంచాలి. జుట్టు ముడి వేయించండి. జారే సింథటిక్ చున్నీ వద్దు. నూలు లంగా ఓణీ గానీ చుడీదార్ గానీ వేసి, ఓణీని భుజానికీ నడుముకీ పిన్నులతో బిగించండి. మెడ నొప్పి పుడితే పక్కనున్న వదినో అత్తమ్మో అందుకోవచ్చు, అందులో తప్పేం లేదు. గుడి ముందు సాక పోసేటప్పుడు, అంటే వేపాకులు వేసిన పసుపునీళ్లు ధారగా పోసేటప్పుడు, నేల జారుతుంది. చెప్పులు లేని పాదాలు, పైన దీపం. అక్కడ మీరు చెయ్యి పట్టుకునే ఉండండి.

బోనం ఎత్తేవాళ్లు ఒక్కపొద్దు ఉంటారు. అలవాటు లేని పిల్లను పస్తు పెట్టకండి. పండ్లు, మజ్జిగ ఇవ్వండి. నీళ్లు ఇంటి సీసాలోవే తాగించండి.

ప్రశ్న: మా యూనివర్సిటీకి వచ్చిన జపాన్ విద్యార్థిని తీసుకెళ్తున్నాను. తనకు ఫొటోలంటే ప్రాణం. పోతరాజును, పూనకం వచ్చినవాళ్లను తీయొచ్చా? బలి గురించి ఏమని చెప్పాలి?
– ఒక విద్యార్థి, గచ్చిబౌలి

జవాబు: పోతరాజు అమ్మవారి తమ్ముడు, ఊరేగింపుకు కాపలా. ఒంటికి పసుపు, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఈరకోల అనే కొరడా. ఫొటో తీయొచ్చు గానీ ఎదురుగా నిలబడి కాదు. కొరడా ఎంత దూరం తిరుగుతుందో చూడకుండా సెల్ఫీకి ముందుకెళ్లినవాళ్లకే దెబ్బలు తగులుతాయి. డప్పు బృందానికి వెనకగా ఓ పక్కకు నిలబడితే ముఖమూ కనిపిస్తుంది, దారికీ అడ్డు రారు.

పూనకం వచ్చిన శివసత్తుల (అమ్మవారు పూనే భక్తురాళ్ల) దగ్గర మాత్రం ఫోన్ జేబులోనే ఉండాలి. ఆమె ఆ క్షణంలో అనుమతి ఇవ్వగల స్థితిలో ఉండదు, కాబట్టి అడిగినా అడిగినట్టు కాదు. ఆమె కాళ్లకు నీళ్లు పోసేవాళ్లకు దారి వదిలి రెండడుగులు వెనక్కి జరగండి. గర్భగుడిలో ఫొటోలు వద్దే వద్దు.

బలి సంగతి ఇంటి దగ్గరే చెప్పండి. మొక్కుబడికి కోడిని, మేకపోతును ఇచ్చేవాళ్లున్నారనీ, ఆ మాంసమే వండుకుని ఇంటిల్లిపాదీ, చుట్టాలూ తింటారనీ నేరుగా చెప్పండి. దాచిపెడితే సందు మలుపులో హఠాత్తుగా చూసి బెదిరిపోతాడు. చూడలేనంటే ఆ వేళకు వేరే వీధికి మళ్లించండి.

పాస్‌పోర్టు హాస్టల్‌లోనే ఉంచి జిరాక్స్ తెచ్చుకోమనండి. జనం ఎక్కువైతే ఫోన్లు కలవవు. తప్పిపోతే కలుసుకోవడానికి గుడికి దూరంగా ఒక మెట్రో స్టేషన్ మెట్లను ముందే అనుకోండి. వానాకాలం కాబట్టి రెయిన్‌కోటు చాలు, ఆ గుంపులో గొడుగు పక్కవాళ్ల కళ్లకు తగులుతుంది.

ప్రశ్న: మర్నాడు రంగం చూడటానికి మా విదేశీ అతిథితో గుడికి వెళ్లడం మేలా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: రంగం సోమవారం పొద్దున. మాతంగి పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. పచ్చి కుండంటే రంగుది కాదు, కాల్చని మట్టి కుండ. అతిథికి ఇది విడమరచి చెప్పకపోతే అందులో విశేషమేమిటో తెలియదు. గుడి ఆవరణలో చోటు తక్కువ, బయట నిలబడ్డవాళ్లకు మాట వినిపించదు. టీవీ ఛానెళ్లు ప్రత్యక్ష ప్రసారం చేస్తాయి కాబట్టి ఇంట్లోనే పక్కన కూర్చుని ఒక్కో మాటకూ అర్థం చెప్పండి. అది ముగిశాక బయలుదేరితే ఏనుగు మీద అమ్మవారి ఊరేగింపును, ఫలహారం బండ్లను (అమ్మవారి ప్రసాదంతో ఊరేగే అలంకరించిన బండ్లను) రోడ్డు పక్క నుంచి చూడొచ్చు. ఏనుగుకు, డీజే బండ్లకు మధ్యలోకి మాత్రం వెళ్లకండి.