మనష్షే తల్లి పేరు ఎందుకు రాశారని అడిగిన అమ్మకు

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. మాది పల్నాడులో ఒక పల్లె. మావారు సంఘ పెద్ద. ఎన్నో ఉపవాస ప్రార్థనల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క కొడుకు మాకు. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పి బహుమతులు తెచ్చేవాడు. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక మందిరానికి వెళ్ళడం మానేశాడు. తాగుతున్నాడని కూడా తెలిసింది. పోయిన క్రిస్మస్‌కి వచ్చి ఆరాధనకు రానంటే, 'అయితే నా గడప తొక్కొద్దు' అన్నారు మావారు. మళ్ళీ రాలేదు. నేను డాబా మీదికెళ్ళి చాటుగా ఫోన్ చేస్తుంటాను. రోజూ పొద్దున్నే ఒక వాక్యం పంపిస్తాను. చూస్తాడు, జవాబు ఇవ్వడు. ఈమధ్య ఉజ్జీవ కూడికల్లో ఒక ప్రసంగీకులు, 'భక్తిగల యూదా రాజు హిజ్కియా జబ్బుపడి ఏడ్చి అడిగి తెచ్చుకున్న ఆయుష్షులోనే, చెడ్డరాజైన అతని కొడుకు మనష్షే పుట్టాడు, అడగకుండా ఉంటే బాగుండేది' అన్నారు. ఆ మాట నాకే తగిలింది. ఇంటికొచ్చి రాజుల గ్రంథం తీస్తే, మనష్షే తల్లి పేరు హెప్సిబా అని రాసి ఉంది. కొడుకు చెడిపోతే తల్లి పేరు అలా ఎక్కిస్తారా? తప్పు నా పెంపకానిదేనా? నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ పేరు సంగతే మాట్లాడుకుందాం. మీ నిద్ర పోగొట్టింది అదే కదా.

యూదా రాజుల్లో ఎవరు గద్దెనెక్కినా రాజుల గ్రంథం దాదాపు ఒకే పద్ధతిలో రాస్తుంది. వయసెంత, ఎన్నేళ్ళు ఏలాడు, తల్లి ఎవరు. మంచి రాజుకైనా చెడ్డ రాజుకైనా అంతే. హిజ్కియా తల్లి అబీ, యోషీయా తల్లి యెదీదా. వాళ్ళ పేర్లూ అలాగే ఉన్నాయి. రాజమాతకు ఆ ఇంట్లో పెద్ద స్థానం ఉండేది. తల్లి బత్షెబ వస్తే సొలొమోను రాజు లేచి నమస్కారం చేసి, తన కుడి పక్కన ఆసనం వేయించాడు. తల్లి పేరు రాయడం ఆ గౌరవానికి తగ్గట్టే ఉంది.

తల్లిని తప్పుపట్టాల్సి వచ్చినప్పుడు బైబిలు మొహమాటపడదు. యూదా రాజు అహజ్యా చెడ్డదారి పట్టడానికి తల్లి అతల్యా ఆలోచనలే కారణమని 2 దినవృత్తాంతములు 22లో ఉన్నది ఉన్నట్టు రాశారు. హెప్సిబా గురించి అలాంటి మాట ఒక్కటి కూడా లేదు. పేరు ఉంది, అంతే. గ్రంథం మోపని నేరాన్ని మీరు ఆమె మీద మోపి, ఆమె పక్కనే మీరూ నిలబడ్డారు. అక్కడి నుంచి ఇవతలికి రండమ్మా.

పెంపకమే అంతా తేల్చేస్తుందనుకుంటే ఆ వంశమే మనకు అర్థం కాదు. ఆహాజు తన కొడుకునే అగ్నిలో అర్పించినవాడు, యెహోవా మందిరం తలుపులు మూయించినవాడు. అలాంటివాడి కొడుకు హిజ్కియా 25 ఏళ్ళకు రాజయ్యాడు. మొదటి సంవత్సరం మొదటి నెలలోనే ఆ తలుపులు తెరిపించి బాగుచేయించాడు. ఆ హిజ్కియా కొడుకు మనష్షే. మనష్షే కొడుకు ఆమోను రెండేళ్ళు మాత్రమే ఏలాడు, ఆ రెండేళ్ళూ చెడుగానే. ఆమోను కొడుకు యోషీయా, ఎనిమిదేళ్ళకే రాజు. అతనిలా పూర్ణహృదయంతో దేవునివైపు తిరిగిన రాజు అతనికి ముందూ వెనకా లేడంటుంది గ్రంథం. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్ళు పులిశాయన్న సామెత ఇకమీదట మీ నోట రాకూడదని యెహెజ్కేలు 18లో దేవుడే అంటాడు. ఆ అధ్యాయంలో నీతిగల తండ్రి, దుర్మార్గుడైన కొడుకు, మళ్ళీ నీతిగల మనవడు వరసగా కనిపిస్తారు. ఎవరి లెక్క వాళ్ళదే.

ఇక ఆ ప్రసంగం. చాలా వేదికల మీద చెప్పే మాటే ఇది. నేను ఒప్పుకోను. హిజ్కియా కన్నీళ్ళు చూశానని చెప్పి 15 సంవత్సరాలు ఇచ్చింది దేవుడు. మనష్షే రాజయ్యేనాటికి 12 ఏళ్ళవాడు కాబట్టి, లెక్క ప్రకారం ఆ 15 ఏళ్ళలోనే పుట్టాడు. అంతవరకు నిజమే. కానీ మనష్షే లేకపోతే ఆమోను లేడు, ఆమోను లేకపోతే యోషీయా లేడు. మత్తయి 1:10 తీసి చూడండి. యేసు ప్రభువు వంశావళిలో హిజ్కియా, మనష్షే, ఆమోను, యోషీయా వరసగా ఉన్నారు. ప్రార్థించి కన్న బిడ్డను గురించి 'అడగకుండా ఉండాల్సింది' అనే మాట మీ మనసులోకి కూడా రానివ్వకండి.

మీ అబ్బాయి విషయంలో నాకు ఎక్కువగా గుర్తొచ్చేది యూదా రాజు యోవాషు. ఏడేళ్ళకు రాజయ్యాడు. యాజకుడైన యెహోయాదా బతికున్నంత కాలం బాగానే నడిచాడు, మందిరం కూడా బాగుచేయించాడు. యెహోయాదా 130 ఏళ్ళు బతికి చనిపోయాక యూదా పెద్దలు వచ్చి నమస్కారం చేస్తే వాళ్ళ మాట విన్నాడు. చివరికి యెహోయాదా కొడుకు జెకర్యానే మందిర ఆవరణంలో రాళ్ళతో కొట్టించి చంపాడు. అన్నేళ్ళూ అతన్ని నిలబెట్టింది యెహోయాదా భక్తి. సంఘ పెద్ద ఇంట్లో పుట్టిన పిల్లలు చాలామంది ఇలాగే అమ్మానాన్నల విశ్వాసం మీద పెరుగుతారు. ఊరు దాటి ఒక్కడే ఒక గదిలో ఉన్నప్పుడు తనకంటూ ఎంత ఉందో బయటపడుతుంది. మీవాడు ఇప్పుడు అక్కడున్నాడు. యోషీయా చూడండి, ఎనిమిదేళ్ళకే గద్దె ఎక్కినా, దేవుణ్ణి వెదకడం మొదలుపెట్టింది ఏలుబడి ఎనిమిదో ఏట, అంటే పదహారేళ్ళ ప్రాయంలో. వెదకడం తనంతట తాను మొదలుపెట్టాడు.

అందుకని రోజూ పంపే వాక్యాన్ని కొన్నాళ్ళు ఆపండి. ప్రార్థన ఆపమనడం లేదు. ఆ మెసేజ్ చూడగానే అతనికి 'నువ్వు మారలేదు' అన్నట్టు వినిపిస్తుంది. బదులుగా మామూలు మాటలు మాట్లాడండి. 'గోంగూర పచ్చడి పట్టాను, ఎవరితోనైనా పంపించనా? ఆ నడుంనొప్పి తగ్గిందా?' అలా. ఏదో ఒక రోజు అతనే విశ్వాసం సంగతి ఎత్తుతాడు, కోపంగానే ఎత్తొచ్చు. అప్పుడు 'నీకు ఎక్కడ కష్టమనిపించింది నాన్నా?' అని అడిగి వినండి. ఆ రోజు వాదన పెట్టుకోవద్దు.

మీ సంఘంలో ఎవరైనా 'దేవుడు మనష్షేను సంకెళ్ళతో బబులోనుకు పంపినట్టు వీణ్ణీ విరగగొడితేనే దారికొస్తాడు' అంటే ఆమేన్ అనకండి. మనష్షే శ్రమలో బతిమాలుకున్నాడు, దేవుడు విని యెరూషలేముకు తిరిగి రప్పించాడు, నిజమే. 2 దినవృత్తాంతములు 33 ఆ కథే. కానీ అతను చేసిన నష్టం పూర్తిగా పోలేదు, ఆమోను పాత దారిలోనే నడిచాడు. బిడ్డకు అలాంటి దెబ్బ తగలాలని ఏ తల్లీ కోరుకోనక్కర్లేదు.

ఆ తాగుడు సంగతి విడిగా చూడాలి. వారాంతంలో స్నేహితులతోనా, రోజూనా? ఉద్యోగానికి వెళ్ళలేనంత ఉందా? మందలించకుండా ఇవి తెలుసుకోండి. రోజూ ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరూ కావాలి, అది విశ్వాసానికి తక్కువేమీ కాదు. హిజ్కియా బాగవుతాడని చెప్పిన యెషయా ప్రవక్తే అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. మీ నిద్ర విషయానికీ అదే మాట. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మిగిలింది మీవారు. ఆయన కఠినుడని నేననుకోవడం లేదు. తన ఇంటిని ఏలలేనివాడు సంఘాన్నెలా చూస్తాడన్న తిమోతి పత్రిక మాట ఆయనను లోపల తినేస్తూ ఉండొచ్చు. దాని గురించి పాస్టరు గారితో మాట్లాడి, అవసరమైతే పెద్దరికం కొంతకాలం పక్కన పెట్టవచ్చు. కొడుకు మొహం చూడకుండా ఉండటం మాత్రం పరిష్కారం కాదు. దావీదు రాజు దూరమైన కొడుకు అబ్షాలోమును యెరూషలేముకు రప్పించి కూడా రెండేళ్ళు తన ముఖం చూడనివ్వలేదు. తండ్రితో మాట్లాడించమని కబురు పెట్టినా సేనాపతి యోవాబు రాకపోతే, అబ్షాలోము అతని యవల చేనుకు నిప్పు పెట్టించాడు. ఆ తర్వాత తండ్రి ముద్దు పెట్టుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. కొడుకు తిరగబడి యుద్ధంలో చనిపోతే, 'నీ బదులు నేను చనిపోయినా బాగుండేది' అని ఆ తండ్రే గుమ్మానికి పైగా ఉన్న గదిలో ఏడ్చాడు.

ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో 2 సమూయేలు 14 ఆయన్నే పైకి చదవమనండి. మీరు వ్యాఖ్యానం చెప్పకండి. మర్నాడు, డాబా మీదికి వెళ్ళకుండా, ఆయన ముందే కూర్చుని అబ్బాయికి ఫోన్ చేయండి.