కందుల కోసం ఆఫ్రికా వస్తానన్న మేనల్లుడికి

దార్ ఎస్ సలామ్,
2025 డిసెంబర్ 7

అల్లుడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. తాండూరులో మిల్లు ఆడుతోంది గానీ చేతిలో ఏమీ మిగలట్లేదనీ, టాంజానియా వచ్చి రైతుల దగ్గరే కందులు కొంటే ఇక్కడి దళారులకూ ముంబయి ట్రేడర్లకూ పోయే కమీషన్ మనకే మిగులుతుందనీ రాశావు. ఎక్సెల్ షీటు కూడా చూశాను. లారీ కిరాయి, ఓడ కిరాయి, తరుగు అన్నీ వేశావు, కూడికల్లో తప్పు లేదు. గెజిట్‌కి, అంటే ఏ రోజైనా మారిపోయే ప్రభుత్వ ఉత్తర్వుకి మాత్రం ఒక గడి పెట్టలేదు. ఇరవై ఏడేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. ఈ బేరంలో నన్ను లేపిందీ ముంచిందీ అదే.

అసలు నీ ప్లాన్‌లో మొదటి అడుగే ఇప్పుడిక్కడ నేరం. మొన్న జూలైలో టాంజానియా ప్రభుత్వం విదేశీయులు చేయకూడని 15 రకాల వ్యాపారాల జాబితా ఇచ్చింది. సెల్‌ఫోన్ రిపేరు, సెలూన్ లాంటివాటితో పాటు పొలం దగ్గర పంట కొనడం కూడా అందులో ఉంది. దొరికితే కోటి షిల్లింగుల జరిమానా, జైలు, వీసా రద్దు. ఇక్కడి మనవాళ్లు కొందరు దీన్ని తిట్టుకుంటున్నారు గానీ నాకైతే కోపం రాలేదు. పరాయి దేశంవాడెవడో వచ్చి మన యాలాలలో కల్లం దగ్గర కాటా పెడితే మనం ఊరుకుంటామా?

దారి లేకపోలేదు. దక్షిణాన లిండి, మ్త్వారా వైపు పంట సహకార సంఘం గోదాముకు చేరుతుంది, రైతుకు రసీదు ఇస్తారు, వేలంలో కొనాలి. దీన్ని 'స్తకబధి గలానీ' అంటారు. మన మార్కెట్ యార్డు లాంటిదే అనుకో. లైసెన్సు ఉన్న ఇక్కడి కంపెనీ వేలంలో కొని ఓడ ఎక్కిస్తుంది, నువ్వు దాని దగ్గర తీసుకుంటావు. కమీషన్ కొంత పోతుంది, పోనీ. వేలం ఉంది కదా అని ధర మీద మరీ భరోసా కూడా పెట్టుకోకు. 2018లో వ్యాపారులు జీడిగింజలకు తక్కువ పాడుతున్నారని అప్పటి అధ్యక్షుడు మగుఫులి కిలో 3,300 షిల్లింగులకు మొత్తం ప్రభుత్వమే కొంటుందని ప్రకటించి, పంట ఎత్తడానికి సైన్యాన్ని దింపాడు. ఆ సీజన్‌లో ఓడలు మాట్లాడుకున్న వ్యాపారుల ముఖాలు నాకింకా గుర్తే.

ఆఫ్రికా ఏటా 4 శాతం పెరుగుతోంది అని ఏదో వీడియో పంపావు. సహారాకు దిగువ దేశాలన్నీ కలిపితే దగ్గరదగ్గర అంతే, కాదనను. జనాభా కూడా ఏటా రెండున్నర శాతం పెరుగుతోంది, అది తీసేయ్. మిగిలిన ఒకటిన్నరలో కూడా ఏ దేశం కథ దానిదే. పక్కనున్న జాంబియానే చూడు. 2020లో అప్పు కట్టలేక చేతులెత్తేసింది. 2024 కరువులో 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో దాదాపు 10 లక్షల హెక్టార్లు ఎండిపోయింది. మరుసటేడు వానలు పడగానే 36 లక్షల టన్నులు దాటి రికార్డు పంట. వానని బట్టి ఇంత ఊగిసలాట ఎందుకంటే ఈ దేశాల్లో నూరెకరాల్లో అయిదారెకరాలకే నీటి వసతి. ఎరువు హెక్టారుకు 20 కిలోల చుట్టూనే, మన దగ్గర దానికి ఆరేడు రెట్లు వేస్తాం. పంట పెరిగింది అంటే చాలాచోట్ల కొత్త భూమి దున్నడం వల్లే, ఎకరా దిగుబడి పెరిగి కాదు. కాబట్టి ఏటా ఇంత సరుకు తప్పకుండా దొరుకుతుందని మిల్లు కెపాసిటీ పెంచి బ్యాంకు లోను తీసుకోకు.

ఇక నా సంగతి. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో 200 దాటింది, గుర్తుందా? మీ అమ్మ పప్పుచారు పలచన చేసిన ఏడాది. మరుసటేడు జూలైలో మన ప్రధాని మొజాంబిక్ వచ్చి కందులు కొంటామని ఒప్పందం చేసుకున్నాడు. ఇండియా ఎంతైనా కొంటుందని ఈ తీరమంతా పాకింది. ఇక్కడ ఉత్తరాన బబాటి వైపు మొక్కజొన్నలో అంతరపంటగా కంది వేసే రైతులు ఇంకా ఎక్కువ వేశారు. నేనూ వాళ్లకి ధైర్యం చెప్పాను, అప్పు చేసి మరీ కొన్నాను. అటు మన దేశంలోనూ ధర చూసి అందరూ కందే వేశారు. వాన కుదిరింది, 48 లక్షల టన్నులు పండింది, రేటు పడిపోయింది. 2017 ఆగస్టు 5న ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది, ఏడాదికి 2 లక్షల టన్నులకు మించి దిగుమతి లేదని. మొజాంబిక్‌కు ఒప్పందం ఉంది కాబట్టి దాని వాటా దానికి మిగిలింది. టాంజానియాకు అదీ లేదు. ఆ రోజు నా గోదాములో 600 టన్నులున్నాయి. కొన్న రేటులో పావు వంతుకు అమ్ముకున్నాను, పురుగు పట్టిన భాగం దాణాకి పోయింది. బబాటిలో ఒక ముసలాయన అడిగాడు, "మీ దేశంలో కందులు తినడం మానేశారా?" అని. ఏం చెప్పను?

2021 మేలో దిగుమతి మళ్లీ తెరిచారు. గడువు పొడిగిస్తూ వస్తున్నారు, ఈసారిది 2026 మార్చి 31 వరకు. 2025-26 పంటకు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000. యార్డులో రేటు దానికింద పడినప్పుడల్లా దిగుమతి ఆపమనో సుంకం వేయమనో మన రైతులు అడుగుతారు, అడగడం న్యాయమే. అందుకే జూన్, జూలైల్లో ఖరీఫ్ కంది ఎంత సాగైందో, కలబురగిలో, మన తాండూరులో ఏం పలుకుతోందో చూసుకుంటూ ఉండు. ఆఫ్రికా రిస్కు అనుకునేదాంట్లో సగం నీ మిల్లు అరుగు మీద కూర్చునే కనిపెట్టొచ్చు. ఇక్కడి సరుకు ఆగస్టు నుంచి నవంబరు లోపు మన రేవుల్లో దిగాలి. డిసెంబరులో మన కొత్త పంట మొదలైతే ఇక దీని మొహం చూసేవాడుండడు. దీపావళి దాటాక స్టాకు పట్టుకుని కూర్చోకు. 2023 జూన్‌లో స్టాకు పరిమితి పెట్టినప్పుడు మిల్లర్లు పడ్డ టెన్షన్ నువ్వు చూసిందే.

మలావీలో ఇంకా చవక అని ఎవరో చెప్పారన్నావు. చవకే. 2023 నవంబర్‌లో ఒక్క రాత్రిలో డాలరు 1,180 నుంచి 1,700 క్వాచాలైంది, క్వాచా అంటే అక్కడి రూపాయి అనుకో. ఇప్పుడు బయట మార్కెట్లో దానికి రెట్టింపు పైనే. ఎగుమతి చేసి తెచ్చిన డాలర్లలో కొంత భాగం ప్రభుత్వ రేటుకే మార్చాలి. టైర్ల లాంటివి మాత్రం బయటి రేటుకు వస్తాయి. ఆ తేడా ఎవరి నెత్తిన పడుతుందో లెక్క వేసుకో. మొజాంబిక్‌లో 2023 చివర ఎగుమతిదారుల తగాదా వల్ల నకాలా రేవులో కందుల లోడ్లు ఆగిపోయాయి, పోయినేడు ఎన్నికల గొడవల్లో రోడ్లే మూసేశారు. నెమ్మది దేశమని పేరున్న మా టాంజానియాలో కూడా మొన్న అక్టోబర్ 29 ఎన్నికల నాడు కర్ఫ్యూ పెట్టి ఇంటర్నెట్ ఆపేశారు. ఓడ కాగితాలు బ్యాంకుకు మెయిల్ చేయడానికి నాకు దారి లేకపోయింది.

రావద్దని కాదు. మొదటి ఏడాది ఒక్క కంటైనర్, 24 టన్నులు, అంతే. పోయినా మిల్లు నిలబడేంత డబ్బే పెట్టు. ముందుగా మొత్తం పంపకు. లోడింగ్ దగ్గర నీ తరఫున బయటి ఇన్‌స్పెక్టర్ శాంపిల్ తీసి, తేమ, పుచ్చు చూశాకే మిగతాది. పురుగు చావడానికి మందు పొగ పట్టించినట్టు ఫ్యూమిగేషన్ కాగితం, సరుకుకు తెగులు లేదని ఫైటోశానిటరీ, ఏ దేశపు పంటో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఈ మూడింట్లో ఒక్కటి తేడా వచ్చినా రేవులో డెమరేజ్, అంటే ఆలస్యానికి అద్దె కడుతూ కూర్చుంటావు. కందుల్లో గజరి, అరుష, మ్త్వారా రకాలు దేనికది వేరుగా ఆడించి చూడు, పప్పు ఎంత దిగుతుందో నీకే తెలుస్తుంది. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, ఈ పప్పును తాండూరు కందిపప్పు సంచుల్లో కలపకు. 2022లో వచ్చిన జీఐ ట్యాగ్, అంటే ఊరి పేరు మీద పంటకిచ్చే గుర్తింపు, మన రైతులది.

జూలైలో రా, పంట పొలంలో ఉండగానే. బబాటి తీసుకెళ్తాను. ఆ ముసలాయన ఉంటే కలుద్దాం. ఇక ఆ 600 టన్నుల సంగతి మీ అమ్మకు చెప్పకు. ఆ ఉత్తర్వు వచ్చింది రాఖీకి రెండు రోజుల ముందు. టికెట్ దొరకలేదని చెప్పాను, ఇప్పటికీ అదే నమ్ముతోంది.

మీ మామయ్య