గేముల్లో వీరనారులకు దుస్తులు గీయడం... అదీ ఒక చదువేనా?

ప్రశ్న: నేను ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి బొమ్మలు గీస్తాను. ఈ మధ్య వీడియో గేముల్లోని వీరనారుల దుస్తులు, కవచాలు గీయడం బాగా ఇష్టమైంది. నిలువెల్లా ఇనుప కవచం వేసి గీస్తే అన్నయ్య ‘బోరు, ఇది ఎవరూ ఆడరు’ అంటాడు. కాస్త స్టైల్‌గా గీస్తే నాన్న పుస్తకం మూసేసి ‘ఇదా నువ్వు చదవాలనుకునే చదువు’ అంటున్నారు. నేను ఏ పద్ధతి నేర్చుకోవాలి? ఇందులో ఉద్యోగాలుంటాయా? ఏం చదవాలి?
– ఓ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: అమ్మా, నువ్వు పంపిన మూడు బొమ్మలూ చూశాను. చేతిలో సత్తా ఉంది, అందులో సందేహం లేదు. మూడో బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఈటె పట్టిన ఆ అమ్మాయి భుజాల మీద తాబేటి చిప్పలంత రేకులు పెట్టావు. పాత అట్టపెట్టె ఒకటి తీసి, అదే కొలతలో రెండు ముక్కలు కోసి, మా అమ్మాయి భుజాలకు పురికొసతో కట్టాను. చేతికి చీపురు ఇచ్చి తల మీదికి ఎత్తమన్నాను. చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. అట్ట అంచు వెళ్లి దవడకు గుచ్చుకుంది. నీ వీరనారి ఈటె విసరలేదమ్మా, కనీసం ఎత్తలేదు.

నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే మొదలవుతుంది. పనికొచ్చే దుస్తులా, స్టైలు దుస్తులా అని మీ ఇంట్లో వాదన నడుస్తోంది. గేములు తయారుచేసే స్టూడియోలో అడిగే ప్రశ్న వేరే ఉంటుంది: ఈమె ఎవరు, ఏం చేస్తుంది, ఆడేవాళ్లకు ఎటునుంచి కనిపిస్తుంది? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఇనుప కవచమైనా వేయొచ్చు, పట్టు పావడా అయినా కట్టొచ్చు. తెలియకపోతే ఏది వేసినా నిలబడదు.

ముందు అసలు కవచం సంగతి తెలుసుకో. యూరప్‌లో మధ్యయుగాల నాటి నిలువెత్తు ఉక్కు కవచం బరువు సుమారు 15 నుంచి 25 కిలోలు. ఆ బరువంతా ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పరుచుకునేది కాబట్టి అది వేసుకుని పరుగెత్తేవారు, గుర్రమెక్కేవారు. దాని కింద దూది, గుడ్డ కూరి కుట్టిన మందపాటి అంగీ ఉంటుంది. ఆ అంగీ మీద రేకు పడ్డాక లోపల ఆడమనిషి ఉందో మగమనిషి ఉందో బయటికి పెద్దగా తెలియదు. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ కోసం ఫ్రాన్స్‌లోని తూర్ పట్టణంలో కవచం చేయించారు. అదీ ఆ కాలపు సైనికులు తొడిగే మామూలు ఉక్కు కవచమే. ఇప్పుడు కొన్ని గేముల్లో కనిపించే, రొమ్ముల ఆకారానికి రెండు గిన్నెల్లా పోతపోసిన కవచం గురించి ఆలోచించు. మామూలు కవచం నడుమ ఉబ్బెత్తుగా ఉండేది దెబ్బను పక్కకు జార్చడానికి. గిన్నెల కవచం కత్తిమొనను పక్కకు జార్చకపోగా రెండింటి మధ్య లోయలోకి, అంటే నేరుగా ఛాతీ ఎముక మీదికి నడిపిస్తుంది. ఇది తెలిశాక ఆ బొమ్మ గీయడానికి చెయ్యి రాదు. గీసినా, ఎందుకు గీస్తున్నావో తెలిసి గీస్తావు.

మన దగ్గరా పాఠాలున్నాయి. నాట్లు వేసే ఆడవాళ్లను చూడు. చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి ఎగదోపి, కొంగు నడుముకు బిగించి, గంటల తరబడి బురదలో వంగి నడుస్తారు. ముడి ఎక్కడ పడింది, బట్ట ఎక్కడ వదులుగా ఉంది, ఎక్కడ బిగుతుగా ఉంది... స్కెచ్ పుస్తకం పట్టుకెళ్లి, వాళ్లను అడిగి, ఒక పూట కూర్చుని గీసుకో. గోచీ పోసి కట్టిన చీరతో గుర్రం ఎక్కొచ్చు, గోడ దూకొచ్చు. తర్వాత మీ వీధిలో బ్లౌజులు కుట్టే ఆమె దగ్గర రెండు నెలలు కూర్చో. చంక దగ్గర కటింగ్ తప్పితే చెయ్యి ఎందుకు లేవదో ఆమె నీకు ఒక్క కత్తెర దెబ్బతో చూపిస్తుంది. నేను సరదాకు చెప్పడం లేదు. గేముల కోసం కంప్యూటర్లో బట్టలు తయారుచేసే మార్వెలస్ డిజైనర్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేసేది అచ్చం టైలర్ పద్ధతిలోనే. ముక్కలు గీయాలి, కుట్టాలి, బొమ్మకు తొడగాలి. కుట్టు తెలిసిన పిల్లకు అది నాలుగు రోజుల్లో లొంగుతుంది.

ఇక స్టైలు సంగతి. మీ అన్నయ్య మాటలో నిజం లేకపోలేదు. ఆటలో బొమ్మ దూరం నుంచి, కదులుతూ, పది మంది మధ్యలో ఉన్నా గుర్తుపట్టేలా ఉండాలి. 1996లో వచ్చిన మొదటి టూంబ్ రైడర్ ఆటలో కథానాయిక లారా క్రాఫ్ట్ ఒళ్లంతా నాలుగు పలకలు అతికించినట్టే ఉంటుంది. అయినా పొట్టి నిక్కరు, తొడలకు కట్టిన రెండు పిస్టల్ సంచులు చూడగానే ఎవరైనా పేరు చెప్పేస్తారు. ఆమె జడ 1996 ఆటలో ఊగదు. రెండో భాగానికి, అంటే 1997లో గానీ అది కుదరలేదు. ఒక జడ ఊగడానికే ఏడాది ఆగాల్సి వచ్చిందంటే, నువ్వు గీసే ప్రతి రిబ్బనూ, ప్రతి గొలుసూ అవతల ఇంకొకరికి ఎంత పనో ఊహించు. 2013లో అదే లారాను మళ్లీ మొదటి నుంచి తీర్చిదిద్దినప్పుడు ప్యాంటు వేశారు, ఒంటికి మట్టి పూశారు, గాయానికి కట్టు కట్టారు. అది దీవిలో చిక్కుకుని ప్రాణం కాపాడుకునే అమ్మాయి కథ. అందుకని దుస్తులూ కథ వెంటే వెళ్లాయి.

స్టైలు అంటే తప్పనుకోవద్దు. 2009 నాటి బయోనెట్టా ఆటలో కథానాయికను గీసింది మారి షిమజాకి అనే మహిళ. ఆ మంత్రగత్తె ఒంటి మీది నల్లని దుస్తులు నిజానికి ఆమె జుట్టే. పెద్ద రాక్షసులను పిలవాలంటే ఆ జుట్టునే వాడాలి. అప్పుడు ఒంటి మీద బట్ట తగ్గుతుంది. నచ్చనివాళ్లు ఉన్నారు, వాళ్ల అభ్యంతరం నాకు అర్థమవుతుంది. కానీ ఆ దుస్తులకు ఆటలోనే ఒక నియమం ఉంది, ఆ పాత్ర స్వభావానికి అది అతికింది. దీని పక్కన 2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5లోని క్వైట్‌ను పెట్టు. ఆమె తుపాకీ గురి తప్పని సైనికురాలు, వేసుకునేది మాత్రం దాదాపు ఈత దుస్తులు. చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి బట్టలు కట్టదట. అదే వరుసలోని మూడో ఆటలో ఎండనే ఆహారంగా తీసుకునే ముసలి సైనికుడొకడు ఉన్నాడు, అతనికి మాత్రం ఒంటి నిండా బట్టలున్నాయి. ముసలాయనకు అక్కర్లేని నియమం ఆ అమ్మాయికే ఎందుకొచ్చింది? ముందు బొమ్మ గీసేసి తర్వాత కారణం అతికిస్తే చూసేవాళ్లకు ఆ అతుకు తెలిసిపోతుంది. నీకు నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇదే: కారణం ముందు రావాలి, గీత తర్వాత రావాలి.

కారణం ముందొచ్చిన పని చూడాలంటే 2017 నాటి హొరైజన్ జీరో డాన్ ఆట చూడు. నెదర్లాండ్స్‌లోని గెరిల్లా స్టూడియో చేసింది. అందులో ఎలోయ్ అనే వేటగత్తె తోలు, నార, యంత్రాల నుంచి ఊడబెరికిన ముక్కలు కలిపి తొడుక్కుంటుంది. ఆ ఆటలోని తెగల్లో ఎండ దేశపు కార్జాలు ఒకలా ఉంటారు, మంచుకొండల బానుక్‌లు ఒకలా, కమ్మరి పని చేసే ఓసెరామ్‌లు తోలు ఏప్రాన్లతో ఇంకోలా. దూరం నుంచి మనిషిని చూసి ఊరు చెప్పేయొచ్చు. మన దగ్గర చీర కట్టు చూసి ఏ ప్రాంతమో పెద్దవాళ్లు చెప్పేవారు చూడు, అదే విద్య. 2011 నాటి డార్క్ సోల్స్‌లో ఆడ పాత్రకూ మగ పాత్రకూ కవచాలు దాదాపు ఒకటే. పైగా బరువైనది వేసుకుంటే పొర్లి తప్పించుకోవడం నెమ్మదిస్తుంది. అంటే అక్కడ దుస్తులు ఆటలో ఒక నియమం కూడా.

ఉద్యోగంలో మాత్రం రెండూ గీయాలి. ఓవర్‌వాచ్‌లో ఒళ్లంతా లోహ కవచంతో ఎగిరే ఫారా ఉంది, ఒంటికి అతుక్కునే దుస్తుల విడోమేకర్ ఉంది. ఒకే ఆట, ఒకే బృందం. అందుకే ‘ఏ పద్ధతి నేర్చుకోవాలి’ అన్నదానికి నా జవాబు: మొదటి రెండేళ్లు పనికొచ్చే దుస్తులే గీయి. బట్ట, తోలు, లోహం, కీళ్లు చేతికి వచ్చాక ఎంత దూరమైనా వెళ్లు.

పోర్ట్‌ఫోలియో, అంటే ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించే నీ బొమ్మల కట్ట గురించి ఒక అనుభవం చెబుతాను. నేను సలహా ఇచ్చిన ఒక అబ్బాయి పద్దెనిమిది బొమ్మలు పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లాడు. అన్నీ ముఖం ఇటు తిప్పి, గాలికి జుట్టు ఎగురుతూ ఉన్నవే. చూసినామె అడిగింది ఒక్కటే, ‘వీపు ఎక్కడ?’ వెనుక నుంచి కెమెరా వెంటబడే ఆటల్లో ఆడేవాళ్లు గంటల తరబడి చూసేది వీపునే. అంబులపొది ఎక్కడ వేలాడుతుంది, దుప్పటి ఎలా చుట్టింది, జడ దేనికి తగులుతుంది అన్నవి అక్కడే తేలాలి. ముందు, పక్క, వెనుక మూడు వైపులా ఒకే కొలతలో గీసి, ముడులూ బకిల్స్ పక్కన పెద్దవి చేసి చూపించే షీట్లు ఆరు ఉంటే చాలు. పద్దెనిమిది పోస్టర్ల కంటే అవే నయం.

ఉద్యోగాల విషయంలో నిజం చెప్పాలి. మన దేశంలో కొత్త పాత్రలను ఊహించి గీసే కాన్సెప్ట్ ఆర్టిస్టు ఉద్యోగాలు తక్కువ. విదేశీ స్టూడియోలు పంపిన షీటు చూసి త్రీడీలో తయారుచేసే పని ఎక్కువ. 2023, 2024లో ప్రపంచవ్యాప్తంగా గేమింగ్ కంపెనీలు చాలామందిని తీసేశాయి, ఆ దెబ్బ మన దగ్గరా తగిలింది. కాబట్టి పెన్సిల్‌తో పాటు త్రీడీ నేర్చుకోవడం తప్పనిసరి. త్రీడీకి బ్లెండర్, బొమ్మలు గీయడానికి క్రీటా అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం, ఇప్పుడే మొదలుపెట్టు. మన సొంత ఆటలూ వస్తున్నాయి. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో విడుదల చేసిన ‘రాజీ’లో కథానాయిక సర్కస్ అమ్మాయి. ఒంటి విన్యాసాలు చేస్తూ ఆయుధాలతో పోరాడుతుంది. ఇలాంటి కథలకు ఇక్కడి బట్ట, ఇక్కడి నగ తెలిసినవాళ్లు కావాలి.

చదువుకు ఎంపీసీ అడ్డు కాదు, ఈ పరీక్షలన్నీ ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్ సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) కోసం యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దానికి వరుసగా రెండేళ్లలో రెండు అవకాశాలే. ఎన్ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక ఎన్ఐడీ ఉంది. ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ హైదరాబాద్‌లో బట్ట గురించి లోతుగా నేర్పుతారు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదివితే శిల్పం, పెయింటింగ్, యానిమేషన్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు. నన్నడిగితే నీకు శిల్పం మంచిది, త్రీడీకి అదే పునాది. డిగ్రీ తర్వాత బెంగళూరు ఎన్ఐడీలో గేమ్ డిజైన్‌లోనే ఎండిజైన్ (పీజీ) ఉంది. యూసీడ్, ఎన్ఐడీ, నిఫ్ట్ దరఖాస్తులు సాధారణంగా ఇంటర్ రెండో ఏడాది మధ్యలోనే వచ్చేస్తాయి, పబ్లిక్ పరీక్షల దాకా ఆగితే గడువు దాటిపోతుంది. ‘వంద శాతం ఉద్యోగం’ అనే ప్రైవేటు కోర్సులకు ఒకేసారి ఫీజు కట్టకండి. గత ఏడాది చదివిన పిల్లల పని చూపించమనండి, వాళ్లతో ఫోన్లో మాట్లాడించమనండి. ఆ మాటకు తడబడితే వచ్చేయండి.

ఇక మీ నాన్నగారు. ఆయన కోపంలో నాకు తప్పు కనిపించలేదు. కూతురి చేతి గీతకు గౌరవం ఉండాలనుకుంటున్నారు. ఒక ఆదివారం ఆయనతో కలిసి రామప్పకు వెళ్లు. 1213 నాటి గుడి అది. చూరు కింద మదనికలున్నారు కదా, ఒంటి మీద బట్ట తక్కువ, నగలు ఎక్కువ. ఒకామె కాలికి ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. వాళ్లను చూసి ఎవరూ తలదించుకోరు. అవి నాట్యపు భంగిమలు, ఆ దుస్తులకు అక్కడొక అర్థం ఉంది. అదే గుడి మీద సైనికులూ ఉన్నారు, వాళ్ల కట్టు వేరు. కూర్చుని రెండూ గీయి. స్టూడియోలో నీకు ఇష్టం లేని బొమ్మ గీయమంటే ఏం చేయాలన్న భయం కూడా నీకుంటుంది. వద్దని ఊరికే అనకు, కారణం చెప్పి, నీదైన ఇంకో షీటు పక్కన పెట్టు. రెండో షీటు ఉన్నవాళ్ల మాట వినేవాళ్లు ఉంటారు.

మొదటి షీటుకు పాత్రను కూడా నేనే చెబుతాను. రాణి రుద్రమ. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు, మగపేరుతోనే పాలించింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. అప్పటికి పాతికేళ్లకు పైగా ఏలింది. మనం ఎప్పుడూ ఆమెను పాతికేళ్ల అమ్మాయిగానే ఎందుకు గీస్తున్నాం? చివరి యుద్ధయాత్రలోని ఆ పెద్దావిడను గీయి. మోకాళ్లు నొప్పి పెట్టే వయసులో గుర్రమెక్కాలి. నడుముకు ఏం బిగించుకుంటుంది, కవచం ఎవరి సాయంతో తొడుక్కుంటుంది, తెల్లబడిన జుట్టు తలపాగా కింద ఎలా ముడేస్తుంది? వీపు నుంచి మొదలుపెట్టు. షీటు పూర్తయ్యాక ముందు మీ నాన్నగారికి చూపించు. ఏ ముడి ఎందుకు వేశావో ఆయనకు ఒక్కొక్కటిగా చెప్పు. తర్వాత నాకు పంపు.